ఒకే పురుగుకు రెండు పేర్లు

నా చిన్నప్పుడు, ములకలపల్లి దారిలో పురుగుమందుల దుకాణం పెట్టుకున్న ఒకాయనను అందరూ డాక్టర్ అని పిలిచేవారు. ఆయన ఏం చదివాడో ఎవరూ అడగలేదు. రైతు తెచ్చిన పురుగును కుర్చీలోంచి లేవకుండా ఓరకంట చూసి పేరు చెప్పేసేవాడు. పేరుతో పాటే సీసా కూడా బల్ల మీదికి వచ్చేది. అంతటి మొనగాడు!

బీటీ విత్తనం కొత్తగా వచ్చిన రోజులవి. మగ పురుగుల్ని వాసనతో రప్పించడానికి మా పత్తిచేలో పెట్టిన బుట్టల్లో వడ్లగింజంత గోధుమరంగు రెక్కల పురుగులు చాలా పడ్డాయి. డాక్టర్ గారు ఒక్క చూపులో పత్తికాయలు తొలిచే గులాబీ పురుగని తేల్చి, ఘాటు మందు కొట్టమన్నాడు. చేను గట్టుకు అవతలే మద్దిచెట్ల మీద పక్కింటి అక్క దసలి పట్టుపురుగులను పెంచుతోంది. అవి గూళ్ళు కట్టే వేళ. గాలికి మందు అటు పోతే ఆమె కష్టమంతా రాలిపోయినట్టే. అక్క వచ్చి బతిమాలింది. "నా చేను పోతే నువ్విస్తవా?" అన్నాడు మా నాయన.

అప్పుడు మా మేనత్త వ్యవసాయ కాలేజీ నుంచి సెలవులకు వచ్చి ఉంది. ఇలాంటి చిన్న పురుగులు పైకి ఒకేలా ఉంటాయట. కడుపు చివర కోసి, కాస్టిక్ సోడా నీళ్ళలో వేడిచేసి, మగదాని మర్మాంగపు కొక్కేలను మైక్రోస్కోపులో చూస్తేనే జాతి తేలుతుందట. అత్త అలాగే కోసి, వెంట తెచ్చుకున్న మైక్రోస్కోపులో చూసింది. అది గులాబీ పురుగు కాదు, పత్తి జోలికి రాని ఇంకేదో జాతి. నాయనను కూడా చూడమంది. "ఛీ! ఆడపిల్లవు, గవి చూసుడేంది?" అని ఆయన మొహం తిప్పుకున్నాడు. ఇంట్లోవాడే అలా అంటే ఊరు ఊరుకుంటుందా? అత్త పురుగులకు లంగోటీ విప్పి చూస్తుందని నవ్వారు. తమ చేలో ఏముందో తెలియని మహానుభావులు!

మర్నాడు నాయన మందు కొనడానికి బయల్దేరితే అత్తా నేనూ వెంట పోయాం. దుకాణంలో అత్త బుట్టలోని పురుగొకటి కాగితంలో పెట్టి ఇచ్చింది. డాక్టర్ గులాబీదేనని ఒక సీసా పెట్టాడు. అత్త పురుగును వెనక్కి తీసుకుని పక్కకు వచ్చి, నాయన కళ్ళముందే రెక్కల పొడిని వేలితో తుడిచేసి, ఇంకో కాగితంలో పెట్టి మళ్ళీ ఇచ్చింది.

"గిదా? గిది వేరే జాతి. దీనికి మందు వేరే" అంటూ ఆయన రెండో సీసా తీశాడు.

నాకు నవ్వాగలేదు. నాయన మొహం మాడిపోయింది. "అదే పురుగు గదయ్యా! ఇప్పుడే నా ముంగట తుడిచింది" అన్నాడు. డాక్టర్ తడబడనైనా లేదు. సిగ్గుంటే కదా! పురుగుల మర్మాలు చూసే పిల్ల మాట పట్టుకుని వచ్చావా అని నాయన మీదికే ఎగిరాడు.

"నేను చూసి చెప్పిన. నువ్వు చూడనే లేదు" అంది అత్త.

ఇంటికొచ్చాక నాయన ఒక కన్ను మూసుకుని మైక్రోస్కోపులోకి వంగాడు. అత్త కాలేజీ నుంచి తెచ్చిన అసలు గులాబీ పురుగు కొక్కేలను కూడా చూపించింది. రెండింటికీ పోలికే లేదని నాకే తెలిసింది. ఆయన మందు కొట్టనే లేదు. కొన్నాళ్ళకు అక్క చెట్ల నిండా పట్టుగూళ్ళు వేలాడాయి.

ఊరు మాత్రం ఆ దుకాణానికి పోవడం మానలేదు. డాక్టర్ గారి కుర్చీ ఇంకా పెద్దదయింది. నాకైతే ఆ రోజు నుంచి పురుగులంటే అసహ్యం పోయింది. ఆ అసహ్యమంతా, చూడకుండానే చెప్పేవాళ్ళ మీదికి మళ్ళింది. ఇన్నేళ్ళయినా తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు.