వెనక సీటు చూసి కొన్న కారు

మొన్న మా స్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు కొత్త కారు కొన్నారు. సాయంత్రం బెల్లు కొట్టాక, "రండి పద్మగారూ, ఒక్కసారి ఎక్కి చూడండి" అని పిలిస్తే వెళ్ళి వెనక తలుపు తీసుకుని కూర్చున్నాను. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. కొత్త తోలు వాసన, ఆయన భార్య ముందు అద్దం దగ్గర పెట్టిన మల్లెపూల వాసన ఎండకి కాగి కలిసిపోయాయి. తలుపు మూసుకోగానే పిల్లల గోల అంతా ఎక్కడో దూరానికి వెళ్ళిపోయింది. మాస్టారు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి ఏవేవో మీటలు చూపిస్తున్నారు. నా చెయ్యి మాత్రం నాకు తెలియకుండానే పైకి లేచి, నెత్తికీ కప్పుకీ మధ్య ఖాళీ ఎంతుందో చూస్తోంది. "ఏంటండీ, అంత పరీక్ష పెడుతున్నారు?" అని నవ్వారాయన. నేనూ నవ్వి ఊరుకున్నాను. కారుని అలా చూడటం నాకు నేర్పిన మనిషి గురించి, అప్పటికప్పుడు ఒక్క మాటలో చెప్పటం నా వల్ల కాదు.

ఆవిడ పేరు జులేఖా. ఏలూరులో పాత బస్టాండు దగ్గర ఒక షట్టరు గదిలో ట్రావెల్స్ నడిపేవారు. నిజానికి ఆ వ్యాపారం ఆవిడ భర్త ఖాజా గారిది. ఆయన వయసులో ఉన్నప్పటినుంచీ కార్లు నడిపి, ఒక అద్దె కారుతో మొదలుపెట్టి మూడు సొంత కార్లు చేసుకున్నారు. తర్వాత షుగరు కళ్ళ మీదికి వచ్చింది. ఎదురుగా ఉన్న మనిషి నీడలా తప్ప కనిపించని స్థితిలో స్టీరింగ్ వదిలెయ్యక తప్పలేదు. అప్పటిదాకా వంటిల్లు దాటి లావాదేవీలు ఎరగని జులేఖా గారు, చీర కొంగు తల మీదికి లాక్కుని వచ్చి ఆయన కుర్చీలో కూర్చున్నారు. సంక్రాంతికల్లా వ్యాపారం మూసి షట్టరు దించేస్తారని చుట్టుపక్కల కొట్లవాళ్ళు అనుకున్నారట. వాళ్ళ అంచనా తప్పింది. నేను అక్కడ పనికి చేరేనాటికి ఆ కార్లకి ఖాళీ దొరికేది కాదు.

మాది తాడేపల్లిగూడెం, మా నోట్లో వట్టి గూడెం. నాన్నగారికి ఉల్లిపాయల మార్కెట్లో చిన్న కొట్టు ఉండేది. డిగ్రీ అయ్యాక, రోజూ పాసింజరు రైల్లో ఏలూరు వెళ్ళి జులేఖా గారి ఆఫీసులో ఫోన్లు ఎత్తటమే నా మొదటి ఉద్యోగం. చేరిన కొత్తలో ఒకాయన ఫోను చేసి, రేపు పొద్దున్న చింతలపూడి వెళ్ళటానికి కారు కావాలన్నాడు. టైమూ అడ్రసూ రాసుకుని, ఎంతవుతుందో చెప్పి ఫోను పెట్టేశాను. పని చక్కగా చేశాననే అనుకున్నాను.

"ఎవరెవరు వెళ్తున్నారో అడగలేదేమ్మా?" అన్నారు జులేఖా గారు.

"కారు కావాలన్నారండీ. ఉందని చెప్పాను."

"కారు ఎవరిక్కావాలమ్మా? వాళ్ళకి కావలసింది క్షేమంగా ఊరు చేరటం. మళ్ళీ ఫోను చేసి అడుగు."

చేశాను. ఆయన కూతురు ఆస్పత్రిలో పురుడు పోసుకుంది, ఆపరేషనయింది, పసిబిడ్డతో పుట్టింటికి తీసుకెళ్తున్నారు. ఆ మాట వినగానే ఆవిడ, దూకుడుగా నడిపే కుర్రవాణ్ణి మార్చి వెంకటేశ్వర్లుని వెయ్యమన్నారు. ఇంటినుంచి రెండు తలగడలు తెప్పించి కార్లో పెట్టించారు. వాటికి లెక్క కట్టలేదు, ఎవరితోనూ చెప్పలేదు కూడా. ఆ చింతలపూడి కుటుంబం తర్వాత మరో ట్రావెల్స్ గడప తొక్కలేదు.

రెండు వేల ఆరో ఏడో, ఆ ప్రాంతంలో కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువుల మీద డబ్బు బాగా ఆడుతోంది. పెళ్ళంటే పందిరి, బ్యాండు మేళంతో పాటు ఖరీదైన కారు కూడా ఉండాల్సిందే. ఆ కార్లన్నీ విజయవాడ నుంచి వచ్చేవి. మనమే ఒకటి కొంటే ఎలా ఉంటుందని జులేఖా గారికి ఆలోచన వచ్చింది. ఉన్న మూడింటిలో రెండు అమ్మితే గానీ అది కుదరదు. కొన్న కారు ఆడకపోతే మిగిలేది ఒక్క పాత కారు, దాన్ని నమ్ముకున్న ఇద్దరు డ్రైవర్లు. అందుకని ఆవిడ తొందరపడలేదు. నెలల తరబడి ఆలోచించి చివరికి ఒక కంపెనీ దగ్గర ఆగారు. అక్కడే అసలు చిక్కు వచ్చింది. ఆ కంపెనీ వాళ్ళవే రెండు కార్లు ఇంచుమించు ఒకే ధరలో ఉన్నాయి. ఒకటి అప్పుడే దిగిన కొత్త మోడలు. పొట్టిగా, నేలకి అంటుకుపోయినట్టుండేది. ఇంజను చాలా జోరు. మీట నొక్కితే పైకప్పు తెరుచుకునేది. పేపర్లో రోజూ దాని బొమ్మే. రెండోది కొన్నేళ్ళుగా వస్తున్న పొడుగు కారు. హంగులు తక్కువ, పరుగు తక్కువ. పెద్దమనిషిలా ఉండేది.

ముగ్గురం విజయవాడ షోరూంకి వెళ్ళాం. ఖాజా గారిని కొత్త మోడల్లో డ్రైవరు సీట్లో కూర్చోబెట్టారు. ఆయన స్టీరింగ్ మీద రెండు చేతులూ వేసి నెమ్మదిగా చుట్టూ తడిమారు. గేరు పట్టుకుని చూశారు. తర్వాత పక్క సీట్లోకి మారాక షోరూం కుర్రాడు బందరు రోడ్డు మీద కొంచెం దూరం తిప్పి తీసుకొచ్చాడు. దిగేటప్పటికి ఆయన ముఖం వెలిగిపోతోంది. నేను ఆ ఆఫీసులో చేరాక ఆయన అంతగా నవ్వటం అదే మొదటిసారి చూశాను.

"జులేఖా, కారంటే ఇదీ. నడిపేవాడి మనసు తెలిసినవాడు చేశాడు దీన్ని" అన్నారు.

ఆవిడ తల ఊపి, నా వైపు తిరిగి, "పద్మా, ఆ సంచి ఇలా తే" అన్నారు. సంచిలో ఆవిడ పట్టుచీర, దారిలో కొన్న పూలజడ, పూలదండ ఉన్నాయి. షోరూం వాళ్ళ గదిలో నాకు చీర కట్టబెట్టి, జడ అల్లి, మెళ్ళో పూలదండ వేసి బయటికి తీసుకొచ్చారు. అక్కడ పనిచేసే వాళ్ళంతా చుట్టూ మూగారు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. కొత్త మోడల్లో వెనక ఎక్కాలంటే నడుము సగానికి వంచాల్సి వచ్చింది. జడలో పూలు కప్పుకి రాసుకుని నలిగాయి. మోకాళ్ళు గుండెల దగ్గరికొచ్చాయి. దిగేటప్పుడు కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడి, ఎవరో చెయ్యిస్తే గానీ లేవలేకపోయాను. పొడుగు కార్లో ఇంట్లో కుర్చీలో కూర్చున్నట్టే కూర్చుని, అలాగే లేచాను.

"కానీ మేడం, ఇది పాత డిజైనండీ. పెళ్ళివాళ్ళు కొత్తదే అడుగుతారండీ" అన్నాడు షోరూం కుర్రాడు.

"అడిగేవాళ్ళు అడుగుతారు బాబూ. ఎక్కేవాళ్ళని కూడా అడగాలి కదా!"

అలా అన్నారే గానీ, ఆ రోజు ఆవిడ ఏదీ తేల్చలేదు. తిరుగు ప్రయాణంలో రైల్లో దారంతా ఖాజా గారు ఆ చిన్న కారు ఇంజను చప్పుడు గురించే చెప్తూ వచ్చారు. ఆవిడ వింటూ కూర్చున్నారు. పైగా కొనబోయే కారు కోసం అప్పటికే ఒక పెళ్ళి బేరం వచ్చి ఉంది. పెళ్ళికొడుకుది మండవల్లి, చేపల చెరువుల వాళ్ళు. బేరం మాట్లాడింది పెళ్ళికొడుకు బావగారు. "మా ఊళ్ళోకి కొత్త మోడలే దిగాలండీ. వేరేదయితే మాకొద్దు" అని ముందే ఖరాఖండీగా చెప్పాడు. పెళ్ళికూతురిది మా తాడేపల్లిగూడెమే.

పెళ్ళికి కారు పంపే ముందు వీధి ఎంత వెడల్పుందో, బండి ఎక్కడ ఆగుతుందో వెళ్ళి చూసి రావటం జులేఖా గారి అలవాటు. అలా ఒక మధ్యాహ్నం నన్ను తోడు తీసుకుని పెళ్ళికూతురి ఇంటికి వెళ్ళారు. ఆ అమ్మాయి పేరు భారతి. మాకు మంచినీళ్ళు ఇవ్వటానికి గదిలోంచి వస్తుంటే చూశాం. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ చూసుకుని వేస్తోంది. వాళ్ళమ్మ కాఫీ పెట్టటానికి లోపలికి వెళ్ళగానే జులేఖా గారు అడిగారు.

"నీకు ఎలాంటి కారయితే బాగుంటుందమ్మా?"

ఆ అమ్మాయి తెల్లబోయింది. ఆ ప్రశ్న తనని కూడా అడుగుతారని అనుకోలేదు కాబోలు. తర్వాత గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"నిశ్చితార్థం రోజున కిందికున్న కారు తెచ్చారండీ. దిగలేకపోయాను. అందరూ చూస్తుండగా మా అన్నయ్య ఎత్తుకుని దించాడు. అత్తారింటి ముందు కూడా అలా... నేనిలా అన్నానని ఎవరికీ చెప్పకండేం."

"చెప్పనమ్మా" అన్నారు జులేఖా గారు.

మర్నాడు సాయంత్రం నేను ఏదో పని మీద జులేఖా గారింటికి వెళ్ళేసరికి, ఖాజా గారు వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నారు. ఆవిడ పక్కన కూర్చుని, "ఏవండీ, మీకు నచ్చిన కారు కొనటం లేదండీ" అన్నారు. ముందూ వెనకా ఏమీ చేర్చలేదు. అది షోరూంలో దొరకలేదనో, వాళ్ళు ఇవ్వనన్నారనో చెప్పి తప్పించుకోవచ్చు. ఆయనకి తెలిసే దారి కూడా లేదు.

ఆయన, "నేనెలాగూ నడపలేననుకో. మన గుమ్మంలో అదుంటే రోజూ ఒకసారి చెయ్యి వేసి చూసుకునేవాణ్ణి" అన్నారు.

"తెలుసండీ. అయినా కాదంటున్నాను. నా మీద కోపం తెచ్చుకోండి."

"కోపం ఏమీ లేదు. కాసేపు నాతో మాట్లాడకు."

ఆవిడ మాట్లాడలేదు. లేచి వెళ్ళిపోనూ లేదు. నేను గేటు దగ్గరే నిలబడి చూశాను. చీకటి పడేదాకా ఇద్దరూ ఆ మంచం మీద అలాగే పక్కపక్కన కూర్చున్నారు.

తర్వాత మండవల్లి. ఫోన్లో చెప్పేద్దామండీ అంటే ఆవిడ ఒప్పుకోలేదు. ఒక బేరాన్ని కాదనేటప్పుడు ఎదురుగా వెళ్ళి చెప్పాలన్నారు. కైకలూరు మీదుగా బస్సులో వెళ్ళాం. బావగారు విషయం వినగానే అరుగు మీంచి లేచి నిలబడ్డాడు.

"కొత్త మోడలని ముందే చెప్పాం కదండీ! ఆ పాత కారు ఎవడిక్కావాలి? విజయవాడ నుంచే తెప్పించుకుంటాం."

"మీ ఇష్టమండీ. నా వ్యాపారానికి అదే సరిపోతుందనిపించింది" అన్నారే తప్ప, భారతి పేరు ఆవిడ నోటినుంచి రాలేదు. ఒక్క మాట బయటపెడితే బేరం నిలుస్తుందని నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని నొక్కారు. లేచి మెట్లు దిగుతుంటే, అంతసేపూ గుమ్మంలో నిలబడి వింటున్న పెళ్ళికొడుకు మా వెనకాలే వచ్చాడు.

"ఏవండీ, ఆ కారు సీటు ఎత్తుగా ఉంటుందాండీ?" అని అడిగాడు.

జులేఖా గారు ఆగి అతని ముఖంలోకి చూశారు. "ఉంటుంది బాబూ. కుర్చీలోంచి లేచినట్టు లేవచ్చు."

"అయితే అదే పంపించండి. బావతో నేను చెప్పుకుంటాను."

బస్సులో వస్తూ ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకోవటం చూశాను. అడిగితే, "ఆ పిల్ల అదృష్టవంతురాలమ్మా" అన్నారు.

పొడుగు కారుకి అదే మొదటి పెళ్ళి. వెంకటేశ్వర్లు పక్కన ముందు సీట్లో నన్ను కూర్చోబెట్టి పంపారు. తెల్లారగానే గూడెంలో బయల్దేరి, ఏలూరు దాటి కొల్లేటి రోడ్డెక్కేసరికి రెండువైపులా నీళ్ళ మీద ఎండ పడుతోంది. చెరువు గట్ల మీద గూడబాతులు బారులు తీరి ఉన్నాయి. వెనక సీట్లో కొత్త దంపతులు మెల్లగా ఏదో మాట్లాడుకుంటున్నారు. మండవల్లిలో కారు ఆగగానే బ్యాండువాళ్ళు అందుకున్నారు, ఆడవాళ్ళు హారతి పళ్ళెంతో వచ్చారు. ఎవరో పెద్దావిడ ఎత్తి దించటానికి గబగబా చేతులు చాచింది. ఆవిడ చేరేలోపే భారతి ఒక చేత్తో తలుపు పట్టుకుని, ఎడమకాలు నేల మీద పెట్టి, నిటారుగా లేచి నిలబడింది. పక్కనే ఉన్న పెళ్ళికొడుకు పట్టుకోలేదు, తోడుగా నిలబడ్డాడంతే. బావగారు ఆమె కాళ్ళ వంక చూశాడు. ఆయనకి అర్థమైందో లేదో నాకు తెలియదు. బ్యాండువాళ్ళ వైపు తిరిగి, "ఇంకా గట్టిగా కొట్టండ్రా!" అని అరిచాడు.

కారు బాగా ఆడింది. తర్వాతి ఏళ్ళలో అలాంటివి ఇంకో రెండు కొన్నారు. నేను పెళ్ళయ్యాక ఏలూరు వెళ్ళటం మానేసి, గూడెంలోనే ఈ స్కూల్లో బస్సులు చూసుకునే పనిలో చేరాను. ఖాజా గారు పోయాక ఒకసారి జులేఖా గారిని చూడటానికి వెళ్ళాను. మాటల్లో, ఆ పొడుగు కారు కొనటం ఎంత మంచి నిర్ణయమో ఏలూరంతా ఇప్పటికీ చెప్పుకుంటుందని అన్నాను. పొగిడితే ఎప్పుడూ నవ్వేసే మనిషి, ఆ రోజు నవ్వలేదు.

"మంచి నిర్ణయమే పద్మా. మళ్ళీ ఈ రోజు కొనాల్సి వచ్చినా అదే కొంటాను. కానీ ఆయన ఆ స్టీరింగ్ మీంచి చేతులు తీసుకున్న తీరు నాకింకా కనిపిస్తూనే ఉంటుంది. సరైనది ఎంచుకున్నా, నొచ్చుకునేవాళ్ళు నొచ్చుకుంటారమ్మా. వాళ్ళ ముందునుంచి మనం పారిపోకూడదు. అంతే."

ఇప్పుడు నా పనిలో రోజూ ఎవరికో ఒకరికి కాదని చెప్పాల్సి వస్తుంది. కిందటి నెల ఒక డ్రైవరు పెద్ద రూటు తనకే వస్తుందని ఆశపెట్టుకుంటే, ఆ దారిలో ఎక్కే చిన్నపిల్లల కోసం దాన్ని నెమ్మదిగా నడిపే ఇంకొకరికి ఇవ్వాల్సి వచ్చింది. కాగితం మీద రాసి అటెండరు చేత పంపిస్తే అయిపోయేది. బస్సు షెడ్డు దాకా నడిచి వెళ్ళి, అతను కూర్చున్న బల్ల మీదే కూర్చుని విషయం చెప్పాను. అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను వాచీ చూసుకోలేదు, లేవలేదు. చాలాసేపటికి అతనే, "టీ తాగుతారాండీ?" అన్నాడు. తాగుతానన్నాను.