మేడం అడిగిన ఫార్మాట్, నేను చేసిన ఫార్మాట్

ఒక హైస్కూల్లోని తొంభై నాలుగు మంది పదో తరగతి పిల్లల్ని ఒక్క పూటలో మాయం చేసిన మనిషి మీకెప్పుడూ తారసపడి ఉండదు. ఇప్పుడు పడింది. నేనే. కంగారుపడకండి, పిల్లలకేమీ కాలేదు. వాళ్ల పేర్లు, పుట్టిన తేదీలు, అమ్మానాన్నల పేర్లు, పుట్టుమచ్చలు మాత్రం పోయాయి. పరీక్షకు ఆ వివరాలు పంపడానికి అదే ఆఖరి రోజు.

అప్పటికి నేను ఆరు నెలల హార్డ్‌వేర్ కోర్సు ముగించి, గూడూరులో ఒక కంప్యూటర్ సర్వీసు షాపులో చేరి తొమ్మిది రోజులైంది. ఆ తొమ్మిది రోజులూ మామూలు మనుషుల భాష మాట్లాడిన పాపాన పోలేదు. అమ్మ ఏదైనా మరచిపోతే "నీకు ర్యామ్ చాలట్లేదమ్మా" అనేదాన్ని. ఎవరైనా తెరను చూపించి కంప్యూటర్ అంటే "అది మానిటర్" అని దిద్దేదాన్ని. కింది పెట్టెను సీపీయూ అన్నారా, నాకు పండగే. "సీపీయూ అంటే లోపలుండే చిప్పు. పెట్టెను క్యాబినెట్ అంటారు" అని చెప్పందే నిద్రపట్టేది కాదు. మాటలన్నీ నాకు వచ్చు. ఒక్కో మాటకు ఒక్కటే అర్థం ఉంటుందని మాత్రం గట్టిగా నమ్మేదాన్ని.

పదో రోజున మా ఓనరు, ఫోనులో నా పేరు ముందే చెప్పి, నన్ను చిట్టమూరు దగ్గర ఒక హైస్కూలుకు పంపాడు. ఒంటరిగా పనికి వెళ్లడం అదే మొదలు. స్క్రూడ్రైవర్ల సంచి ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంటే, గుండె ఆపరేషన్‌కు బయల్దేరిన పెద్ద డాక్టరులా అనిపించింది.

హెడ్మిస్ట్రెస్ సరోజమ్మ గారు హడావిడిగా ఉన్నారు. నన్ను చూడగానే కంప్యూటర్ వైపు చెయ్యి చూపించారు.

"రామ్మా ఎస్తేరూ. ఇదిట్లా ఉంటే పై ఆఫీసోళ్లు తీసుకోరంట. ఫార్మాట్ చెయ్యాలంట. సాయంత్రం అయిదుకల్లా అయిపోవాల."

"ఇది" అంటే ఏది అని అడగాలా, వద్దా? మీరైతే అడిగేవారు. ఫార్మాట్ అన్న మాట వినగానే నా చెవులు మూసుకుపోయాయి. డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచెయ్యడం, కోర్సులో నాకు నూటికి నూరు వచ్చిన పాఠం అది.

"సీ డ్రైవా, డీ డ్రైవా మేడం?"

"అయ్యేందో నాకు తెలీదు తల్లీ. సగం సగం పని నాకు గిట్టదు. అంతా చేసెయ్."

"పెన్‌డ్రైవ్ కూడా పెట్టుంది. దాన్ని కూడానా?"

"దాన్నీ చెయ్యి. మా గుమస్తా గోవిందయ్య నిన్న అందులోనే పట్టుకపోయింది."

ఇక్కడ నా గురించి ఒక మంచి మాట కూడా చెప్పుకోవాలి. చెరిపేముందు తప్పకుండా అడగాలని కోర్సులో చెప్పిన ప్రశ్నను నేను అడిగాను.

"బ్యాకప్ ఉందా మేడం?"

"ఓ, ఉండాది! మొన్ననే కొత్తది పెట్టించినాం. మూడు గంటల దాకా ఢోకా లేదు."

గోడ గడియారం చూశాను. పదిన్నర. అంటే నిన్న మూడు గంటల దాకా చేసిన పనంతా ఎక్కడో భద్రంగా దాచారన్నమాట. ఎంత పద్ధతైన స్కూలు అనుకున్నాను. సీ డ్రైవ్ తుడిచాను. డీ డ్రైవ్ తుడిచాను. పెన్‌డ్రైవ్ రెండు సెకన్లలో అయిపోయింది. ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ ఎక్కించి, కీబోర్డు సందుల్లో దుమ్ము ఊది, మానిటర్‌ను నా చున్నీతో తుడిచేసరికి పన్నెండున్నర అయింది. తెర కడిగిన పళ్లెంలా మెరుస్తోంది.

సరోజమ్మ గారు వచ్చి చూశారు. వెనకే గోవిందయ్య గారు. పన్నెండు రోజులు ఒంటివేలితో పిల్లల లిస్టంతా టైపు చేసిన మహానుభావుడు ఆయనే.

"బాగుందమ్మా. లిస్టేదీ?"

"బ్యాకప్‌లో ఉంటుంది కదా మేడం. ఎక్కడుందో చెప్తే ఎక్కించేస్తాను."

"ఎక్కించేదేందమ్మా? రా, చూపిస్తా."

నన్ను మెట్ల కిందికి తీసుకెళ్లారు. అక్కడ గోనెపట్టా పక్కకు లాగితే, గుయ్‌మంటూ ఇన్వర్టరు, దాని పక్కన నల్లటి కొత్త బ్యాటరీ.

"ఇదిగో. కరెంటు పోతే మూడు గంటలొస్తుంది."

విషయం చెప్పడానికి ఎన్ని మాటలు వాడానో గుర్తులేదు. ఆరు నెలల్లో నేర్చుకున్న ఇంగ్లీషు మాట ఒక్కటీ నోటికి రాలేదు. "పోయింది మేడం, అంతా పోయింది" అన్నాను. అచ్చమైన తెలుగు.

"ఫార్మాటంటే వరసలు సరిచేసేది కదా పాపా!" అన్నారు గోవిందయ్య గారు నీరసంగా. "పేరు ముందర ఇంటిపేరు పెట్టాల, తేదీల మధ్యన గీత గియ్యాల. అంతే కదా వాళ్లు చెప్పింది!" అని అక్కడే మెట్టు మీద కూలబడ్డారు. తుడిచినవాటిని వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటుందని ఇప్పుడు నాకు తెలుసు. ఆ పాఠం చెప్పిన రోజు నాకు జ్వరం.

సరోజమ్మ గారు తిట్టలేదు. అసలు లెక్కల టీచరట, లెక్కే వేశారు. "నాలుగు గంటలుండాది. తొంభై నాలుగు మంది. గోవిందయ్యా, అడ్మిషన్ రిజిస్టరు తీసకరా. పిల్లల్ని వరసలో నిలబెట్టు. అమ్మాయ్, కూర్చో, కొట్టు."

కూర్చున్నాను. మేడం రిజిస్టరు చదువుతారు, ఎదురుగా నిలబడ్డవాళ్లు ఔననాలి, నేను కొట్టాలి. భోజనం ఊసెవరూ ఎత్తలేదు.

"పుట్టుమచ్చ యాడరా?" అని ఒక పిల్లాణ్ణి అడిగారు మేడం.

"మోచేతి మింద మేడం."

మేడం వేలితో రుద్దితే అది చేతికొచ్చింది. ఇంకు మరక. మళ్లీ వెతుక్కు రమ్మని వాణ్ణి వరస చివరికి పంపారు.

ఇరవయ్యో పిల్ల దగ్గర గోవిందయ్య గారు గొంతు సవరించుకున్నారు. "ఈ పాప తేదీ... నేను వేరే వేసినట్టున్నా మేడం. పోయినేటి లిస్టు చూసి కొట్టినా కదా." ముప్పై మూడో పిల్లను ఆయన మగపిల్లాడిగా వేశారట. అప్పటిదాకా నన్ను చూడ్డానికే ఇష్టపడని మనిషి, ఒక్కో తప్పు బయటపడేకొద్దీ మెత్తబడుతూ వచ్చారు. మూడో తప్పుకు మంచినీళ్లిచ్చారు. అయిదో తప్పుకు ఫ్యాను నావైపు తిప్పారు. ఎనిమిదో తప్పు ఒక పిల్ల తండ్రి పేరులో. దానికి టీతోపాటు రెండు సమోసాలు వచ్చాయి.

నాలుగుంబావుకు లిస్టు పూర్తయింది. ఇంటిపేర్లు ముందుకొచ్చాయి, తేదీల మధ్య గీతలు పడ్డాయి. గోవిందయ్య గారు పెన్‌డ్రైవ్ చొక్కా జేబులో పెట్టుకుని, పైన చెయ్యి అదిమిపట్టి, ఒంటిచేత్తోనే మోటారు సైకిలు తోలుకుంటూ వెళ్లారు. అయిదుకు పది నిమిషాలుందనగా ఫోను: "తీసుకున్నారు మేడం. ఒక్క మాట కూడా అన్లేదు!"

నేను అక్కడే బల్ల మీద తల వాల్చేశాను.

లేచి, మా షాపు సర్వీసు కాగితం భయంభయంగా మేడం ముందు పెట్టాను. చేసిన పని వివరం ఆవిడే రాసి సంతకం పెట్టాలి. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, గుండ్రటి అక్షరాలతో ఇలా రాశారు: "ఫార్మాట్. రెండు విధములుగానూ చేసినది. తృప్తికరము."

ఆ కాగితం సాక్షిగా ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఇక నా జన్మలో బ్యాకప్ ఉందని ఎవరు చెప్పినా, కళ్లారా చూసి, చేత్తో ముట్టుకోనిదే కీబోర్డు మీద వేలు పెట్టను. ముట్టుకున్నప్పుడు షాకు కొట్టిందంటే, అది నేనడిగింది కాదు.