ఆగయ్య ఎగిరిన ఫొటో

కొమురెల్లి గోదావరిఖనిలో స్టూడియో పెట్టి ఇరవై రెండేళ్లయింది. పెళ్లిళ్లు, రిటైర్మెంటు సన్మానాలు అతనికి తిండి పెట్టాయి. ఇష్టం మాత్రం కబడ్డీ ఫొటోల మీద. ఇక్కడి ఎండలకు పగలు ఎవరూ ఆడలేరు. అందుకే కాలనీ గ్రౌండులో వేసవి టోర్నమెంటు ఎప్పుడూ లైట్ల కిందే జరుగుతుంది.

ఆ లైట్లు కంటికి పట్టపగల్లా ఉండేవి గానీ కెమెరాకు చాలేవి కావు. కూతకు వెళ్లినవాడు ఫొటోలో పొగలా వచ్చేవాడు. చేతులు నాలుగు కనపడేవి, ముఖం కనపడేది కాదు.

"కాకా, మమ్ముల తీసినవా, దయ్యాలను తీసినవా?" అని ఆటగాళ్లు నవ్వేవారు. ఒక ఏడాది బహుమతులిచ్చేటప్పుడు ఆ మాటే మైకులో అన్నారు. గ్రౌండంతా నవ్వింది. కొమురెల్లి కూడా నవ్వి, ఇంటికి వెళ్లి అన్నం తినకుండా పడుకున్నాడు.

ఫ్లాష్ వేస్తే ఆటగాళ్ల కళ్లు చెదురుతాయని వేయనివ్వరు. వెలుతురు ఎక్కువ పట్టే లెన్సు ఒకటి కరీంనగర్‌లో తెలిసినవాడి దగ్గర అడిగి తెచ్చుకున్నాడు. షట్టర్‌ను సెకనులో వెయ్యో వంతుకు పెట్టాడు. తక్కువ వెలుతురులోనూ బొమ్మ పడేలా ఐఎస్‌ఓ బాగా పెంచాడు, బొమ్మ ఇసుక చల్లినట్టు గరుకుగా వస్తే రానిమ్మనుకున్నాడు. మనిషి వెంట కెమెరా తిప్పడం మానేసి, మధ్య గీత మీద ముందే ఫోకస్ పెట్టుకుని, మోకాలి మీద కూర్చుని కాచుకునేవాడు. ఎగిరినవాడు ఇక పైకి పోలేక, ఇంకా కిందికి రాక, రెప్పపాటు ఆగుతాడు. అప్పుడే నొక్కాలి. అది చేతికి అలవాటు కావడానికి మూడేళ్లు పట్టింది.

నిరుడు ఏప్రిల్‌లో ఫైనల్ జరుగుతుండగా కాలనీ జట్టులో ఒకడికి కాలు మడతపడింది. మనిషి తక్కువై, జనంలో కూర్చున్న ఆగయ్యను పిలిచారు. ఆగయ్య ఒకప్పుడు ఆ జట్టులో పేరున్న ఆటగాడు. ఇప్పుడు నలభై దాటాయి. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో మట్టి తోలే ఒక కాంట్రాక్టరు దగ్గర పదమూడేళ్లు డంపర్ నడిపితే ఆ కుదుపులకు నడుములో పూస జారింది. ఇక డంపర్ ఎక్కొద్దని డాక్టరు రాసిచ్చాడు. సోమవారం నుంచి గేటు దగ్గర కూర్చునే పని ఇస్తామని కాంట్రాక్టరు మనుషులు ఒప్పుకున్నారు.

"ఒక్కసారే పోత. ఇంట్ల సారక్కకు చెప్పకుండ్రి" అని, నడుముకు బెల్టు బిగించి ఆగయ్య కూతకు వెళ్లాడు. ఇద్దరిని తాకాడు. మూడోవాడు కాలు పట్టబోతే వాడి భుజం మీంచి ఎగిరాడు. కొమురెల్లి నొక్కాడు.

వెంటనే కెమెరా తెర చూసుకున్నాడు. ఆగయ్య మెడ నరాలు, చేతి మీది పచ్చబొట్టు, పాదం నుంచి రాలుతున్న మట్టి, గాలిలో నిలిచిన చెమట చుక్క, అన్నీ కత్తితో చెక్కినట్టు వచ్చాయి. పెద్దది చేసి చూశాడు. ఇంకా పెద్దది చేసి చూశాడు. తల ఎత్తేసరికి ఆగయ్య గీత అవతల బోర్లా పడి ఉన్నాడు. నలుగురు మోసుకెళ్లి ఆటోలో పడుకోబెట్టారు.

తెల్లారి కొమురెల్లి ఆ ఫొటోను కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. రాష్ట్రస్థాయి పోటీకి కూడా పంపాడు. దయ్యాలన్నవాళ్లే దండాలు పెట్టారు. ఫొటో చేతులు మారి కాంట్రాక్టరు సూపర్‌వైజర్ కిషన్ ఫోనుకు చేరింది.

దవాఖానలో మూడు రోజులుండి, సోమవారం గోడలు పట్టుకుంటూ ఆగయ్య ఆఫీసుకు వెళ్లాడు. కిషన్ ఫోను చూపించాడు.

"ఇది నువ్వే కదా?"

"నేనే సార్. దిగంగనే పడిపోయిన. దవాఖాన కాగితాలు తెచ్చిన."

"కాగితం ఎవలైనా రాస్తరు. గింత ఎత్తు ఎగిరేటోనికి గేటు పని ఎందుకు? డంపర్ ఎక్కు, లేకుంటే ఇంటికి పో."

ఆఫీసులో ఎవరో ఆ ఫొటో ప్రింటు తీసి, కింద 'నడుము నొప్పి పేషెంటు' అని రాసి గోడకు అంటించారు. వచ్చినవాళ్లంతా చూసి నవ్వారు. ఆగయ్య దాని ముందే నిలబడి డ్యూటీ సంతకం పెట్టాడు.

మరునాడు ఆగయ్య భార్య సారక్క స్టూడియోకు వచ్చింది. "అన్నా, తీసినోనివి నువ్వే. నువ్వే వచ్చి చెప్పు."

కొమురెల్లి ఆమెతో వెళ్లాడు. ఆగయ్య ఎగిరాక పడ్డాడని, నలుగురు మోశారని చెప్పాడు.

"పడ్డ ఫొటో చూపెట్టు" అన్నాడు కిషన్.

"లేదు సార్."

"కెమెరా నీ చేతిలనే ఉండె కదా. ఎందుకు లేదు?"

కొమురెల్లి "తీసింది చూసుకుంటున్న సార్, అప్పుడు" అన్నాడు.

"మంచిగ చూసుకున్నవు తియ్యి" అని కిషన్ నవ్వాడు.

బయటికి వచ్చాక సారక్క అతని ముఖంలోకి చూసింది. "చెమట చుక్క గూడ కనవడ్డది నీకు. మనిషి పడుతుంటె కనవడలే."

ఆగయ్య డంపర్ ఎక్కాడు. నాలుగు నెలలు నడిపాడు. ఆగస్టులో ఒక రోజు షిఫ్టు అయ్యాక క్యాబిన్ నుంచి దిగలేకపోయాడు. ఎడమ కాలు చెప్పినట్టు వినలేదు. కిందికి దింపడానికి ముగ్గురు కావలసి వచ్చారు. మరునాడే ఆ బండికి ఇంకో డ్రైవర్ వచ్చాడు. సారక్క ఒక హోటల్లో గిన్నెలు తోమే పనికి కుదిరింది.

సెప్టెంబరులో ఆ ఫొటోకు మొదటి బహుమతి వచ్చిందని హైదరాబాద్ నుంచి ఫోనొచ్చింది. వద్దనాలా అని కొమురెల్లి రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు రైలెక్కాడు. శాలువా కప్పి, ఎట్లా తీశారని అడిగితే షట్టర్ సంగతి, గీత మీద ఫోకస్ సంగతి వివరంగా చెప్పాడు. ఫొటోలో ఉన్నది ఎవరని ఒక్కరూ అడగలేదు. అతనూ చెప్పలేదు.

తిరిగి వచ్చిన రోజే ఆ ఫొటోకు ఫ్రేము కట్టి ఆగయ్య ఇంటికి తీసుకెళ్లాడు. మంచంలో ఉన్న ఆగయ్య ఫ్రేము చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"మంచిగ తీసినవే అన్న" అని, "వికలాంగుల పింఛనుకు దరఖాస్తు పెడుతున్నం. దానికొక ఫొటో గావాలె. నువ్వే తియ్యరాదు" అన్నాడు.

కొమురెల్లి సంచిలోంచి కెమెరా తీయబోయాడు. సారక్క అడ్డం వచ్చి, మొగుడి చేతిలోని ఫ్రేము తీసి అతనికి ఇచ్చేసింది.

"నువ్వు వద్దు, అన్నా. వేరేటోళ్లను పిలుచుకుంటం."

ఆగయ్య గోడవైపు తిరిగాడు. కొమురెల్లి ఫ్రేము సంచిలో పెట్టుకుని బయటికి వచ్చి, చెప్పులు వేసుకున్నాడు. వెనక తలుపు మూసిన చప్పుడైంది.