రెండు టిక్కుల బట్టమేక

మొన్న శుక్రవారం పొద్దున తిరుచానూరు నుంచి చెల్లెమ్మ వచ్చింది. చెల్లెమ్మ అంటే నా మిత్రుడి భార్య. అతను పోయాక పూలంగడి ఆమే నడుపుతోంది. మూర కనకాంబరాలు మా ఆవిడ చేతిలో పెట్టి, సంచిలోంచి నీలం అట్ట నోటుబుక్కు తీసి నా ముందు ఉంచింది. “బీరువా సర్దతా ఉంటే దొరికిందన్నా. ఇది మీ కాడ ఉండాల్సింది” అంది. తీసుకున్నాను, కాఫీ తాగి వెళ్ళమన్నాను. అంతకుమించి నాకేమీ అనిపించలేదు. అతను పోయిన రోజూ అంతే, ఏడుపు రాలేదు. జనంలో నిలబడి, గోనెపట్టా మీద వాడిపోతున్న రోజాలకు ఎవరూ నీళ్ళు చల్లడం లేదే అనుకున్నాను. అప్పటినుంచి మనసు తిమ్మిరెక్కినట్టే ఉంది.

ఆ నోటుబుక్కులో మేమిద్దరం పదేళ్ళుగా చూసిన పిట్టల పేర్లున్నాయి. రాసేది నేను, దాచేది అతను. పేరుకెదురుగా రెండు గళ్ళు, ఒకటి నాది, ఒకటి అతనిది. ఎవరి గడిలో వాళ్ళే టిక్కు పెట్టాలి, రెండు టిక్కులూ పడితేనే ఆ పిట్ట చూసినట్టు. ఈ రూలు నాదే. ముప్ఫై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి, అర మార్కు దగ్గర పిల్లల ఉసురు పోసుకున్నవాణ్ణి, ఆ బుద్ధి రిటైరైతే మాత్రం ఎక్కడికి పోతుంది? స్వర్ణముఖి ఇసుకలో అతనొక్కడే చూసిన గద్దను, నా కంట పడేదాకా ఏడాదిపాటు లెక్కలోకి రానివ్వలేదు. అతను నవ్వి ఊరుకునేవాడు. తెల్లవారుజామునే పూల బేరాలు చేసి, ఆ చేతులతోనే దుర్భిణి పట్టుకునేవాడు కనుక దానికెప్పుడూ మరువం వాసన ఉండేది.

అతనికి ఒకే ఒక్క పిట్ట మీద పట్టుదల. ఐరాల దగ్గర పల్లెలో ఉండే వాళ్ళ నాయన, వేరుశనగ కోతలకు కర్నూలు వైపు పోయినప్పుడు బట్టమేకను చూశాడట. నడుముదాకా వచ్చే పిట్ట, మనిషిలాగా దర్జాగా నడుస్తుందని చెబితే ఊళ్ళో ఒక్కరూ నమ్మలేదు. ఆయన పోయేదాకా ఆ ఎగతాళి పోలేదు. “నా కండ్లతో ఒక్కసారి సూస్తే సాలు అయివారా. మా నాయన అబద్ధం చెప్పలేదని ఊర్లో చెప్పల్ల” అనేవాడు. బడిపంతుల్ని కనుక నన్ను అయివారనే పిలిచేవాడు. మన వైపు అది ఇప్పుడు కనిపించడం లేదని, రాజస్థాన్ ఎడారిలో ఇంకా కొన్ని మిగిలాయని తెలిసి, రెండేళ్ళ కిందటి చలికాలంలో టికెట్లు చేయించుకున్నాం.

బయల్దేరడానికి వారం ముందు అతను పూలగంపతో మెట్ల మీద జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. నేను ప్రయాణం మానుకుందామన్నాను. అతను మాత్రం, విరిగిన ఎముకలకు నాటువైద్యులు కట్టు కట్టే పుత్తూరుకు పోయి కట్టించుకుని, తిన్నగా వచ్చి “చెయ్యి ఇరిగింది గానీ కండ్లు బాగుండాయి కదప్పా” అన్నాడు. కట్టు తడపకూడదు, కదిలించకూడదు. రైల్లో రెండున్నర రోజులు ఆకు పసరు, కోడిగుడ్డు కలిసిన ఆ వాసనకు పై బెర్తు వాళ్ళు కిటికీ వైపే ముఖం పెట్టుకున్నారు. ఎడారిలో మమ్మల్ని జీపులో తిప్పిన పెద్దాయనతో ఇతను, యాత్రికుల దగ్గర నేర్చుకున్న అంగడి హిందీలో మాట్లాడేవాడు. “ఆయియే, ఆయియే” తప్ప రెండో ముక్క రాదు. పెద్దాయన ఎటు వెళ్ళబోతున్నా “ఆయియే” అని వెనక్కి పిలిచేవాడు, ఆయన పాపం వచ్చేవాడు.

ఒంటిచేత్తో దుర్భిణి నిలవదు. అందుకని ముందు నేను చూసి, తర్వాత అతని కళ్ళకు ఆనించి పట్టుకునేవాణ్ణి. రెండు రోజులు గడ్డి, ముళ్ళపొదలు, మేకలు తప్ప ఏమీ లేవు. మూడో రోజు, ఆఖరి పొద్దున, ఎండకు అల్లాడుతున్న గాలిలో తెల్లటి మెడ ఒకటి లేచింది. తల మీద నల్లటి టోపీ. నాలుగడుగులు వేసి ఆగింది. వాళ్ళ నాయన చెప్పిన నడకే. నేను చూస్తూ ఉండిపోయాను. ఎంతసేపో తెలియదు. పక్కన అతను ఇమ్మని అడగలేదు. నాకు గుర్తొచ్చి దుర్భిణి అతని కళ్ళకు పెట్టేసరికి పిట్ట పొదల వెనక్కి పోయింది. “యాడ అయివారా?” అన్నాడు. మళ్ళీ “యాడ?” అన్నాడు. మధ్యాహ్నందాకా కాచుకున్నాం. అది మళ్ళీ రాలేదు.

తిరుగు రైల్లో నోటుబుక్కు నా ఒళ్ళో పెట్టాడు. “నువ్వు సూసినావు కదా. రెండు టిక్కులూ పెట్టేయ్, ఒక్క నిమిషం పని.” నేను పెట్టలేదు. రూలు రూలే, వచ్చే ఏడాది మళ్ళీ వద్దామన్నాను. ఆలస్యం చేసింది నేనని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. “నీ రూలుకు కూడా పుత్తూరు కట్టు కట్టినారేమప్పా, కదల్నీవు” అని నవ్వి, కిటికీ వైపు తిరిగాడు. ఆ తర్వాత ఆషాఢంలో, అంగడిలో కూర్చుని మాల కడుతూనే పక్కకు ఒరిగిపోయాడు.

చెల్లెమ్మ వెళ్ళాక నోటుబుక్కు తిరగేశాను. ఆఖరి పేజీ నా దస్తూరీ కాదు. గళ్ళూ వంకరే. నేను నిద్రపోతున్నప్పుడు రైల్లో ఎడమచేత్తో రాసినట్టున్నాడు. “బట్టమేక. అయివారు సూసినాడు. సూస్తా ఉన్న అయివారి మొగం నేను సూసినాను. మా నాయన మొగం గూడా అట్నే ఉండేది, చెప్పేటప్పుడు. అయివారు ఒప్పుకుంటే నా టిక్కు ఆయన్నే పెట్టమనాల.”

రెండు గళ్ళూ ఖాళీగా ఉన్నాయి. నా టిక్కు పెట్టాను. పెన్ను ఎడమచేతికి మార్చుకుని అతని గడిలో ఇంకొకటి పెట్టాను. వంకరగా వచ్చింది. కళ్ళు ఇప్పుడూ తడవలేదు. అతను ఒక్క నిమిషమన్న పనికి నాకు రెండేళ్ళు పట్టింది.