త్రీడీలో మొలిచిన జిల్లేళ్ళు

ముందే చెప్పడం మర్యాద. నేను ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని కాను. నా మాట చేపల బుట్టలాంటిది. పైకి నిండుగా కనిపిస్తుంది గాని అందులో సగం ఐసే. కాబట్టి చదువుతూ చదువుతూ మీరే కాస్త నీళ్ళు వంచుకోండి. అయితే ఈసారి అడుగున ఉన్న చేప కూడా చిన్నదేం కాదు. కలిసి ఇల్లు కట్టుకోబోతున్న అన్నదమ్ముల కుటుంబాన్ని, పునాది గొయ్యి పక్కనే, ఒక్క మొక్కతో రెండుగా చీల్చబోయాను. గొడ్డలితో చెట్టును చీల్చేవాళ్ళను మీరు చూసే ఉంటారు. చెట్టుతో ఇంటిని చీల్చేవాణ్ణి చూసి ఉండరు. ఇప్పుడు చూడండి.

అప్పటికి నాకు ముప్ఫై దాటలేదు. తెనాలిలో ఎలివేషన్ బొమ్మలు చేసేవాణ్ణి. అంటే ఇల్లు కట్టకముందే కంప్యూటర్లో కట్టేసి, రంగులు వేసి, ముందు ఒక కారు నిలబెట్టి, "మీ ఇల్లు ఇలా ఉంటుందండి" అని చూపించే పని. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళుంటారు. నేను చెట్టు బొమ్మ చూపించి ఇల్లు ఒప్పించేవాణ్ణి. గోడలూ కిటికీలూ బాగానే కుదిరేవి. చిక్కంతా చెట్టూచేమలతోనే. నా గడ్డి పెళ్ళిపందిట్లో పరిచిన ఆకుపచ్చ పట్టాలా ఉండేది. చెట్లన్నీ ఒకే కాన్పులో పుట్టిన పిల్లల్లా కొమ్మకు కొమ్మ, ఆకుకు ఆకు సరిపోయేవి. పైగా అవన్నీ కంప్యూటర్లో దొరికిన చలిదేశాల చెట్లు. చుండూరులో ఒక రైతు ఇంటి ముందు ఏకంగా దేవదారు వనం నాటాను. ఆయన బొమ్మను కాసేపు తిరగేసి మరగేసి చూసి, ఈ ఇంట్లో ఉండాలంటే స్వెట్టర్లు కూడా కొనుక్కోవాలా బాబూ అని అడిగాడు.

గడ్డిని నిజం గడ్డిలా చూపించడానికి నేను తినని గడ్డి లేదనుకోండి.

నాకు పనులిచ్చే ఇంజనీరు శేషగిరిగారు ఓపిక పట్టి పట్టి, రేపల్లె ఇంటి పని చేతిలో పెట్టినప్పుడు ఆఖరి మాట చెప్పేశారు. "మొక్కలు ఆ ఊరివై ఉండాలయ్యా. చూడగానే రేపల్లె అనాలి. మళ్ళీ మంచు కురిసే చెట్లు పెట్టావో, నా గుమ్మం ఎక్కొద్దు."

ఆ ఇంటివాళ్ళ సంగతి కూడా ఆయనే చెప్పారు. కోటయ్యగారు, బాపయ్యగారు అన్నదమ్ములు. పడవలున్నాయి, చేపల వ్యాపారం. స్థలం ఒకటే. ఎడమ వాటా అన్నది, కుడి వాటా తమ్ముడిది, మధ్యలో ఉమ్మడి మెట్లు. చిక్కల్లా తోడికోడళ్ళతో. పెద్దామె నాంచారమ్మగారు, చిన్నామె లక్ష్మిగారు. ఎండబెట్టిన చేపల మీద వాలిన కాకిని ఎవరు తోలాలన్న దగ్గర మొదలైన తగాదా, ఏళ్ళ తరబడి మాటల్లేనంత దూరం పోయింది. కోటయ్యగారు ఇద్దరి మధ్యా రాయబారాలు నడిపి నడిపి, చివరికి ఒక కప్పు కిందికి ఒప్పించారు. ఆ ఒప్పుదల ఇంకా పచ్చిగానే ఉంది. అది చెడితే స్థలం మధ్య గోడ లేస్తుంది, ఇల్లు లేవదు. ఇంతా చెప్పిన శేషగిరిగారు, ఆ తగాదాలో ఎవరు ఎవర్ని ఏమన్నారో మాత్రం చెప్పలేదు. ఆయనకూ తెలియదు పాపం.

నేను కెమెరా మెడలో వేసుకుని రేపల్లె పాసింజరు ఎక్కాను. ఖాళీ స్థలంలో ఏం మొలుస్తుందో మీకు తెలుసు. నాకూ తెలుసు. కానీ కెమెరా కంటికి ఆనించుకున్నవాడికి మొక్క కనిపిస్తుంది గాని దాని పేరు వినిపించదు. భుజమెత్తు జిల్లేళ్ళు, విభూతి పూసుకున్నట్టున్న ఆకులు, గుత్తులు గుత్తులుగా ఊదాపూలు. గోడలకు వేసిన లేత ఊదారంగుకు అవి మేనత్త కూతుళ్ళలా కలిసిపోయాయి.

బొమ్మలో కుడి గుమ్మం పక్క మూల బోసిగా ఉంది. అక్కడ నాటాను. ఒకదాన్ని వంచాను, ఒకదాన్ని తిప్పాను, ఒకదాని ఆకులకు పురుగు కొట్టినట్టు చిల్లులు పెట్టాను. కింద పండుటాకులు రాల్చాను. పువ్వు మీద ఒక సీతాకోకచిలుకను వాల్చాను. ఆకు తుంచితే తెరలోంచి పాలు కారి కీబోర్డు తడిసిపోతుందేమో అన్నంత సహజంగా వచ్చింది. శేషగిరిగారు ఫోనులో చూశారు. అరచేతంత తెరలో ఆయనకు కనిపించింది పచ్చదనమే. "ఇప్పుడు రేపల్లెలా ఉందయ్యా" అన్నారు.

శంకుస్థాపన రోజుకు ఆ బొమ్మను ఫ్లెక్సీ కొట్టించి స్థలంలో కట్టారు. ఎంత పెద్ద ఫ్లెక్సీ అంటే, గాలికి ఉబ్బితే నిజాంపట్నంలో పడవలవాళ్ళు తెరచాప అనుకుని తాళ్ళు సర్దుకున్నారట. వచ్చినవాళ్ళంతా అచ్చం ఫోటోలా ఉందన్నారు. ఎక్కడి నుంచో ఒక మేక వచ్చి బొమ్మలో గడ్డిని నాకింది. నాకుతూ నాకుతూ కుడి మూలకు వెళ్ళి, మూతి ముడుచుకుని వెనక్కి తిరిగింది. నాకప్పుడే అర్థం కావాల్సింది. మేకకున్న జ్ఞానం నాకుంటే ఇది రాసే పనే లేదు.

బాపట్ల నుంచి వచ్చిన లక్ష్మిగారి తల్లి కళ్ళజోడు తుడుచుకుని బొమ్మకు ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళింది.

"మా అమ్మాయి గుమ్మం పక్కన అదేంటి నాయనా?"

"మీరే చెప్పండి పిన్నిగారూ" అన్నాను, క్లాసులో ఫస్టొచ్చినవాడిలా.

"జిల్లేడులా ఉంది."

"జిల్లేడేనండి. ఒరిజినల్."

పంతులుగారి మంత్రం సగంలో తెగింది. కొబ్బరికాయ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. లక్ష్మిగారు నెమ్మదిగా వచ్చి ఒకసారి బొమ్మను, ఒకసారి తోడికోడలిని చూశారు.

"అక్కా, ఆ రోజు నోటితో అన్నావు. ఇవాళ బొమ్మ గీయించావు."

అప్పుడు తెలిసింది నాకు. కాకి తగాదానాడు నాంచారమ్మగారు తిట్టిన తిట్టు, "నీ ఇంట్లో జిల్లేళ్ళు మొలవ" అని. ఇల్లు పాడుబడాలని మనవాళ్ళు కోరే కోరిక. ఆ కోరికను నేను పూలతో, నీడలతో, సీతాకోకచిలుకతో సహా తీర్చి, బంధువులందరి ముందూ కట్టించాను. నా ఒంట్లో ఉన్న రక్తమంతా చెప్పుల్లోకి దిగిపోయింది.

నాంచారమ్మగారు కూడా నాకంటే తక్కువేం అదిరిపోలేదు. "నేను గీయించడమేంటే? ఈ అబ్బాయిని నేను చూడటమే ఇవాళ. ఏం బాబూ, నేను చెప్పానా నీకు?"

"లేదండి. పూర్తిగా నా సొంత ఆలోచనండి."

"మరి నా గుమ్మం దగ్గరేం పెట్టావు?"

అబద్ధమాడాల్సిన చోట నాకు ఎప్పుడూ నిజమే వస్తుంది. "మల్లెపందిరండి" అన్నాను.

"విన్నారుగా" అన్నారు లక్ష్మిగారు, బాపట్ల బలగం వైపు తిరిగి.

కోటయ్యగారు ఇటుకల మీద కూలబడ్డారు. బాపయ్యగారు పునాదికి తెచ్చిన తాడు తీసుకుని స్థలం నడిమధ్యకు నడిచారు. గోడకు గుర్తు పెట్టడానికని పసిపిల్లలకు కూడా తెలిసిపోయింది. ఏదో ఒకటి చెయ్యాలి గదా అని, తెల్లజిల్లేడైతే వినాయకుడికి ప్రీతి కదండీ అన్నాను. ఊదాపూలు పూసేది తెల్లజిల్లేడు ఎలా అవుతుందో చెప్పమంది బాపట్ల పిన్నిగారు. కొరివితో తల గోక్కున్నవాడైనా ఒక చోట గోక్కుని ఆగుతాడు. నేను రెండో పక్క కూడా గోక్కున్నాను.

"పోనీ గొడవెందుకండీ. పెద్దమ్మగారి గుమ్మం దగ్గర కూడా నాలుగు జిల్లేళ్ళు పెట్టేస్తాను. రెండు వాటాలూ సమానమైపోతాయి. ఇటు కాపీ, అటు పేస్టు, అంతేనండి."

తోడికోడళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్నేళ్ళలో అలా చూసుకోవడం అదే మొదటిసారని తర్వాత చెప్పారు.

"వీణ్ణెవరు తెచ్చారే లక్ష్మీ?"

"నీ మరిదేగా అక్కా. ఈ మొహం చూసి పనెలా ఇస్తారని పొద్దుట్నుంచీ నేను అంటానే ఉన్నా."

ఇక చూడండి. ఒకరు తిట్టు అందుకుంటే ఇంకొకరు ముగించారు. ఒకరు మా తాతల దగ్గర మొదలుపెడితే, ఇంకొకరు పుట్టబోయే మనవల దాకా లాక్కొచ్చారు. జిల్లేళ్ళు నా ఇంట్లో మొలవాలని నాంచారమ్మగారు కోరారు. కంప్యూటర్లో కూడా మొలవాలని లక్ష్మిగారు కలిపారు. ఆ కచేరీ నడుస్తుండగానే బాపయ్యగారు తాడు చుట్టుకుని మళ్ళీ పునాది దగ్గరికి వచ్చేశారు. నాంచారమ్మగారు పూజపళ్ళెంలోంచి పసుపు ముద్ద తీసుకుని ఫ్లెక్సీలో జిల్లేళ్ళ మీద మెత్తారు. లక్ష్మిగారు పక్కనే నిలబడి కుంకుమ బొట్లు పెట్టారు. కొబ్బరికాయ పగిలింది.

కోటయ్యగారు నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. "ఇన్నేళ్ళు తిరిగినా వీళ్ళిద్దర్నీ ఒక్క మాట మీదకు తేలేకపోయాను బాబూ. భోంచేసి వెళ్ళు. కాస్త దూరంగా కూర్చుని తిను."

ఆ రోజు తిన్న చేపల పులుసు సాక్షిగా, ఆ జిల్లేళ్ళు మొలిపించి మొలిపించి కాలిపోయిన నా కంప్యూటర్లోని గ్రాఫిక్స్ కార్డు సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. పాలు కారే మొక్కా, ముల్లున్న మొక్కా, తిట్లలో వినిపించే మొక్కా నా బొమ్మలో మొలవవు. గడ్డిపరక పెట్టినా సరే, అత్తగారి వయసున్న ఒకావిడ చూసి ఊఁ అనందే అది అచ్చుకు వెళ్ళదు.

ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పేసి లేస్తాను. మేక నిజం. తిట్లు నిజం, ఇంకా తగ్గించాను. రేపల్లె పాసింజరెక్కి స్థలంలో ఫోటోలు తీశానన్నదే అబద్ధం. ఎండకు జడిసి, శంకుస్థాపన రోజు దాకా నేను తెనాలి దాటనే లేదు. ఆ జిల్లేళ్ళు మా ఇంటి గోడ పక్కవి. నా ఇంట్లో మొలవాలని నాంచారమ్మగారు నన్ను తిట్టేనాటికే అవి భుజమెత్తు ఎదిగి, పూతకొచ్చి ఉన్నాయి.