బావి ఒడ్డు నుండి నా భర్తను తిరిగి ఇచ్చిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, నా భర్త దేవదానం నలభై ఏళ్లు నిండకముందే తల ఎత్తి ఆకాశం చూడలేని మనిషయ్యాడు! ఒకప్పుడు మా దేవరకొండ అవతలి పల్లెల్లో ఎవరు బావి తవ్వించినా ఆయననే పిలిచేవారు, గడ్డపార వేస్తే బండ పగిలేది. అలాంటి మనిషికి మొదట పొద్దున్నే లేవగానే నడుము పట్టేసింది, తర్వాత మోకాళ్లు బిగుసుకున్నాయి, ఆ తర్వాత వెన్ను విల్లులా వంగి, మెడ కిందికి దిగి అక్కడే నిలిచిపోయింది. ఎవరో చేతబడి చేశారని కొందరన్నారు, మా పాపమని కొందరన్నారు. మేము తాగే నీళ్లలోనే ఫ్లోరైడ్ అనే విషముందని అప్పటికి మాకు తెలియదు. నేను పల్లికాయ చేలకు, ఆముదం చేలకు కూలికి పోయి ఇద్దరు పిల్లలనూ ఆయననూ సాకేదాన్ని.

మండలాఫీసులు కొత్తగా వచ్చిన రోజులవి. కాళ్లు చేతులు పనిచేయని వాళ్లకు సర్కారు నెలనెలా పింఛను ఇస్తుందని తెలిసి మాకు ప్రాణం లేచి వచ్చింది. మా ఊళ్లో మేకల బేరం చేసే జానిమియా అనే పెద్దమనిషి తన ఎడ్లబండిలో మమ్మల్ని ఆఫీసుకు తీసుకుపోయాడు. అక్కడ కూర్చున్న అధికారి నా భర్తను పైనుంచి కిందికి చూసి, "కాళ్లున్నయి, చేతులున్నయి, కండ్లు కనవడుతున్నయి. ఇగ వికలాంగుడెట్లయితడు? ముసలోళ్ల పింఛను ఇద్దామంటే వయసు రాకపాయె. నడువుండ్రి" అన్నాడు. నేను ఏడ్చి బతిమాలాను, వినలేదు.

ఆ దినం నుంచి ఆయన అన్నం సగం తిని పళ్లెం పిల్లల వైపు నెట్టేవాడు. ఎందుకని అడిగితే ఒకనాడు, "శాంతమ్మా, పని చేసే మనిషిని కాను, వికలాంగున్ని గూడ కాదంట. మరి నేనెవర్ని?" అన్నాడు. ఆదివారాలు మందిరంలో మోకరించి ప్రార్థన చేసేదాన్ని, కానీ పరలోకం ఇనుప తలుపులు వేసుకున్నట్టు ఉండేది.

పల్లికాయ పీకే కాలంలో ఒక సాయంత్రం పిల్లలతో కలిసి చేను నుంచి ఇంటికి వస్తే మంచం ఖాళీగా ఉంది! నాలుగడుగులు వేయలేని మనిషి ఎక్కడికి పోతాడు? వాకిట్లో దుమ్ము మీద మనిషి ఈడ్చుకుంటూ పోయిన జాడ కనిపించింది. ఆ జాడ ఊరి వైపు పోలేదు, ఎండిపోయిన పాత బావి వైపు పోయింది. పిల్లలను పక్కింట్లో వదిలి, చెప్పులు కూడా లేకుండా కంపల్లో పడి, "ప్రభువా, నేను పోయేదాక ఆయన్ని పట్టుకో, ఎట్లనన్న పట్టుకో" అని అరుస్తూ పరుగెత్తాను.

దేవుడు పట్టుకున్నాడు సహోదరులారా, జానిమియా చేతులతో పట్టుకున్నాడు! మేకలను తోలుకొస్తూ చూశాడట ఆ ముసలాయన, నా భర్తకూ బావికీ మధ్య కూర్చుని, మడమలు రాళ్లకు తన్ని పెట్టి, రెండు పిడికిళ్లతో ఆయన అంగీ పట్టుకుని ఉన్నాడు. మేకలు ఎటు పోయాయో కూడా చూసుకోలేదు. నన్ను చూడగానే, "బిడ్డా, జల్ది రా! నా చేతులు గుంజుకపోతున్నయి!" అని కేక వేశాడు. నేను వెళ్లి నా భర్త నడుము చుట్టూ పట్టుకున్నాను. నా భర్త, "ఇడువుండ్రి నన్ను! నేను పోతే నీకొక నోరు తక్కువైతది" అని గింజుకున్నాడు. నా కాళ్ల కింద మట్టి పెళ్లలు విరిగి లోపల పడుతున్నాయి, ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇద్దరం కలిసి కొంచెం కొంచెంగా ఆయనను వెనక్కి లాగాం.

ఆ రాళ్ల మీదనే ఆయన తల ఒడిలో పెట్టుకుని ప్రార్థించాను. "ప్రభువా, ఈయన నడుము సక్కజేస్తవో చెయ్యవో నీ ఇష్టం. గని ఈయనకు బతకాలన్న ఆశ ఇయ్యి. గది లేకపోతే మా ఇల్లు లేదు." జానిమియా చేతులు పైకి చాచి "ఆమీన్" అన్నాడు. చాలాసేపటికి నా ఒడిలోంచి నా భర్త గొంతు కూడా వినిపించింది, "ఆమేన్" అని!

అప్పుడు జానిమియా, "నల్లగొండ పెద్ద దవాఖానల నెలకొకపారి డాక్టర్లు కూసుంటరు. ఆళ్లు వికలాంగుడని కాయితం ఇస్తే ఎవరు కాదంటరు? నేనొస్త, ఫికర్ జెయ్యకు" అన్నాడు. డాక్టర్లు కూర్చునే దినం రాగానే తెల్లవారుజామున బయలుదేరాం. సాతాను ఊరుకుంటాడా! సగం దారిలో బస్సు చెడిపోయింది. ఎండ ముదురుతోంది, డాక్టర్లు మధ్యాహ్నానికే లేస్తారని అందరూ అంటున్నారు. జానిమియా రోడ్డుకు అడ్డంగా నిలబడి బత్తాయిల లారీని ఆపి డ్రైవరును ఒప్పించాడు. బత్తాయి గంపల మధ్య గోనెలు పరిచి నా భర్తను పడుకోబెట్టాం. గతుకు వచ్చినప్పుడల్లా ఆయన పెదవి కొరుక్కునేవాడు, నేను యేసయ్య నామం తలుచుకునేదాన్ని.

మేము చేరేసరికి గది ముందు ఎవరూ లేరు. తలుపు దగ్గరి మనిషి, "అయిపోయిందమ్మా, సార్లు లేస్తున్నరు. మల్ల నెల రాండ్రి" అన్నాడు. మళ్లీ నెల! నా భర్తను మళ్లీ ఇంటికి తీసుకుపోతే నెల రోజులు నేను కూలికి ఎలా పోవాలి, ఎవరు కాపలా ఉండాలి? నేల మీద కూలబడి, "దేవా, ఇంత దూరం తెచ్చి వాకిట్ల ఇడిసిపెడుతవా?" అని బయటికే అరిచేశాను.

సంచి పట్టుకుని బయటికి వస్తున్న ఒక డాక్టరు ఆగాడు. నా భర్తను "తల ఎత్తు పెద్దాయనా" అన్నాడు. "ఎత్తరాదు సారూ" అన్నాడు ఆయన. అప్పుడా డాక్టరు ఏం చేశాడో తెలుసా? తెల్ల బట్టలతో ఆ దుమ్ము నేల మీద కూర్చుని, తన తల వంచి, కింది నుంచి నా భర్త ముఖం చూశాడు! ఎన్నాళ్లకో ఒక కొత్త మనిషి ఆయన కళ్లలోకి చూసి మాట్లాడాడు.

"వయసెంత?"

"నలభై గూడ నిండలేదు సారూ."

డాక్టరు నా వైపు తిరిగి, "ఏం నీళ్లు తాగుతరు మీరు?" అని అడిగాడు. మా ఊరి నీళ్లేనని చెప్పాను. ఆ నీళ్లలోని ఫ్లోరైడే ఎముకలను ఇట్లా వంచిందని ఆయన చెప్పాడు. ఆయన లేచి, లోపలికి పోయి, లేచిన డాక్టర్లను మళ్లీ కూర్చోబెట్టాడు. ఎముకలకు ఫోటో తీశారు, కీళ్లు వంచి చూశారు. పొద్దు వాలేలోగా నా భర్త వికలాంగుడని రాసి సంతకం చేసి ఇచ్చారు. దేవునికే మహిమ!

ఆ కాయితం మండలాఫీసులో ఇచ్చాక కూడా నెలల తరబడి ఎదురుచూశాం. ప్రతి రోజూ చేను నుంచి వస్తూ మంచం వైపు భయంగానే చూసేదాన్ని. చివరికి ఒక మధ్యాహ్నం పోస్టుమాన్ మా వాకిట్లోకి వచ్చి, "దేవదానం ఎవరు? పింఛనొచ్చింది" అన్నాడు. నా భర్త "నేనే" అన్నాడు. ఆ ఒక్క మాట ఎంత గట్టిగా అన్నాడో! వంకరపోయిన బొటనవేలిని నేను పట్టుకుని వేలిముద్ర వేయించాను. అది పెద్ద సొమ్మేమీ కాదు. అయినా ఆయన దాంతో బియ్యం తెప్పించి, ఆ పూట కడుపునిండా తిని, "ఇంక జర పెట్టు" అన్నాడు. నేను పొయ్యి దగ్గరికి తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

సహోదరులారా, ఆయన నడుము ఈ రోజుకూ వంగే ఉంది, అబద్ధం చెప్పను. కానీ ఇప్పుడు జానిమియా బండిలో పక్క ఊళ్లకు పోయి, మూలన పడి ఉన్న వాళ్లను లేపి, "లెవ్వు, నేనే రాంగ నీకేంది? దవాఖానకు పోదాం" అంటున్నాడు. మీలో ఎవరైనా తాను ఇంటికి బరువనుకుని గోడ వైపు తిరిగి పడుకుని ఉంటే, ఈ అక్క మాట వినండి. మీ ముఖం చూడటానికి నేల మీదికి దిగివచ్చే దేవుడున్నాడు. ఆయనను నమ్మండి, ఈ పూట అన్నం తినండి, రేపు మాతో బండెక్కండి!