తిప్పమ్మ వరస చూసి చేసిన పెళ్లి

తిప్పమ్మ తెలివితక్కువది కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే రాప్తాడు పక్కనున్న ఆ పల్లెలో ఆమెను ఇప్పటికీ నలుగురూ నాలుగు మాటలు అంటూనే ఉన్నారు. వానలు మొహం చాటేసిన ఏళ్లలో నాలుగెకరాల వేరుశనగ చేనును, మొగుడు ఆదెన్నను, ఇద్దరు బిడ్డలను నెట్టుకొచ్చిన మనిషి ఆమె. ఆదెన్న పరాయివాడు కాదు, ఆమె తల్లికి సొంత తమ్ముడు. చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన మేనమామే పదహారో ఏట తాళి కట్టాడు. ఆ ఊళ్లో సగం పెళ్లిళ్లు అలాంటివే.

పెద్దది గంగాదేవి గడగడా మాట్లాడేది. తర్వాత పుట్టిన గిరికి వినపడదు, మాట రాలేదు. వాడు కడుపులో ఉండగా గ్రహణం పూట తిప్పమ్మ కొడవలి పట్టిందని అత్త తేల్చేసింది. ఆ అత్త ఎవరో కాదు, తల్లిని కన్న అవ్వే. మనవరాలన్న జాలి కూడా లేకుండా పదేళ్లు ఆ మాటతో పొడిచింది.

రెండువేల ఒకటిలో, గిరి చదివే చెవిటి పిల్లల బడికి ఉత్తరాది నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి పిల్లల రక్తం, వాళ్ల ఇంట్లోవాళ్ల రక్తం తీసుకుంది. ఆమెకు తెలుగు రాదు. బడి అటెండరు ఆంజినప్పకు హిందీ వచ్చు కాబట్టి మధ్యలో అతన్ని కూర్చోబెట్టారు. ఆ డాక్టరమ్మ పుట్టిన చోట మామ కొడుకైనా అత్త కొడుకైనా అన్నే. మొగుడూ పెళ్లాలు దగ్గరి చుట్టాలా అన్న సంగతి తనకు తెలిసిన పద్ధతిలోనే అడిగింది పాపం.

“తిప్పక్కా, మీ ఆయన నీకు అన్న వరస అయితాడా అని అడుగుతాండాది,” అన్నాడు ఆంజినప్ప.

తిప్పమ్మకు ఒళ్లు మండిపోయింది. “ఏమప్పా, అన్నను చేసుకుంటారా యాడన్నా? మామ వరస నాకు. మా ఇంటిపేరు వేరే, వాళ్ల ఇంటిపేరు వేరే!”

ఆంజినప్ప లేదని చెప్పేశాడు. మామ సంగతి చెప్పాలని అతనికి తట్టనే లేదు, అతని పెళ్లాం కూడా అక్క కూతురే. డాక్టరమ్మ కాగితంలో బంధుత్వం అన్న చోట అడ్డగీత గీసింది.

ఆరు నెలలకు ఫలితాలు తెచ్చి ఆమె చెప్పింది ఆంజినప్ప నోట ఇలా వచ్చింది.

“మన ఒళ్లంతా కంటికి కనపడని కణాలంట. ఒగదానికొగటి ఆనుకున్న తావ ఒగ ప్రోటీను సన్న సన్న కిటికీలు కడతాదంట. పక్కిండ్లోళ్లు గోడ మీద ఉప్పూ పప్పూ అందిచ్చుకున్నట్ల, కణాలు ఆ కిటికీల్లోంచే ఉప్పూ కబుర్లూ మార్చుకుంటాయంట. ఎప్పుడు పెరగల్ల, ఎప్పుడు నిలబడల్ల అనేది గూడా అట్లే తెలుసుకుంటాయంట. మీవాని చెవుల్లో ఆ కిటికీలు సరిగ్గా లేవక్కా.”

“గ్రహణానికేనా?”

“గ్రహణం కాదు. ఆ ప్రోటీనును ఎట్ల చేయల్లో రాసిన చీటీ అమ్మ నుంచి ఒగటి, నాయన నుంచి ఒగటి వస్తాది. రెండూ చెడిపోతేనే చెవుడు. నీకొగటి, ఆదెన్నకొగటి చెడిపోయిండాది. గంగాదేవికీ ఒగటి చెడిపోయిండాది. ఒగటి బాగుంటే వినపడతాది, బాధ లేదు. ఆ పిల్లను మాత్రం అన్న వరసోళ్లకు ఇయ్యొద్దంట.”

తిప్పమ్మ ఏడ్చింది, సంతోషంతోనే. పదేళ్ల నింద ఒక్క మాటతో పోయింది. డాక్టరమ్మ ఇచ్చిన ఫలితాల కాగితాన్ని దేవుడి పటం వెనక దాచుకుంది.

రెండువేల ఆరులో గంగాదేవికి తాడిపత్రి నుంచి బయటి సంబంధం వచ్చింది. పిల్లవాడు బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేసేవాడు, పిల్లకు నచ్చాడు. తిప్పమ్మ ఒప్పుకోలేదు. ముక్కూ మొహం తెలియని వాళ్లతో ఏ తరంలో అన్నదమ్ముల వరస కలిసిందో ఎవరికి తెలుసు? తన తమ్ముడు జయరాముడైతే ఇంటిపేరు వేరు, మామ వరస, అనుమానానికి తావే లేదు.

“మామ నన్ను ఎత్తుకొని తిప్పినాడమ్మా. నాకొద్దు,” అని గంగాదేవి కాళ్లావేళ్లా పడింది.

“నన్ను మీ నాయన ఎత్తుకోలేదా? నీ బిడ్డల చెవులు బాగుండల్లంటే వరస చూసే చేయల్ల,” అని తిప్పమ్మ మొండికేసి చేసింది.

మరుసటేడు పాప పుట్టింది. పాపకు తొమ్మిదో నెల వచ్చాక ఒకరోజు, దాని వెనక ఇత్తడి తట్ట జారి పడింది. పాప తల తిప్పలేదు. తిప్పమ్మ తట్ట తీసి తానే మళ్లీ నేలకేసి కొట్టింది, మళ్లీ కొట్టింది. పాప బొమ్మతో ఆడుకుంటూనే ఉంది.

అనంతపురంలో చెవుల డాక్టరు హేమ ఈ ప్రాంతపు మనిషే. మొదటి ప్రశ్నే, “మేనరికమా?” అని అడిగింది.

“అవునమ్మా. మా తమ్ముడే.”

“మరి నీది?”

“మా అమ్మ తమ్ముడు.”

హేమ పాత కాగితం చూసి నెత్తి కొట్టుకుంది. “బంధుత్వం లేదని రాసినారే దీంట్లో! ఇంటిపేరు నాయన వైపు నుంచే వస్తాదమ్మా. ఈ చెవుడు ఇద్దరి వైపు నుంచీ వస్తాది. మీ అవ్వా తాతల్లో ఒకరి చెడిపోయిన చీటీ మీ అమ్మకు, మీ ఆయనకు వచ్చింది. మీ అమ్మ నుంచి నీకు, నీ తమ్మునికి వచ్చింది.”

గంగాదేవి పాపను ఒళ్లోకి లాక్కుంది. “నన్ను తాడిపత్రిలో బయటోళ్లకు ఇచ్చింటే?” అంది.

“బయటోళ్లు కదా, అంత భయం ఉండేది కాదు.”

తిప్పమ్మ కూతురి భుజం మీద చేయి వేసింది. “ఈ బిడ్డ చెవుల కోసమే చేసినా గంగా,” అంది. నిజంగా అందుకోసమే చేసింది. ఆ నిజం ఇప్పుడు ఎవరికీ పనికిరాదు.

గంగాదేవి ఆ చేయి తీసి పక్కన పెట్టింది.

“మేడం, నాకిప్పుడు మూడో నెల,” అంది డాక్టరుతో. తల్లికి కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది.